నిలువుగా రాసే మంగోలియన్ లిపిని చదివేటప్పుడు కళ్లు ఎలా నడుస్తాయి?

#1 అచ్చుపెట్టె (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్లుగా తెలుగు ఫాంట్లు గీయడమే నా పని. పోయిన నెల మా బంధువు ఒకాయన చైనాలోని హోహోత్ నుంచి వస్తూ పిల్లల కథల పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చారు. మంగోలియన్ భాష, పాత నిలువు లిపి. అప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు.

పేజీ తెరవగానే జడలు వేలాడదీసినట్టు ఉంటుంది. ప్రతి మాటకూ పైనుంచి కిందికి ఒకే నిలువు గీత. ఆ గీతకు ఎడమ పక్కన చిన్న చిన్న పళ్లు, పొట్టలు, చివర ఒక తోక. మాట అయ్యాక కొద్దిగా ఖాళీ, దాని కింద ఇంకో మాట. అడుగుకు చేరాక మళ్లీ పైకి వెళ్లి కుడి పక్క వరుస అందుకోవాలి. పుస్తకం మాత్రం మనదానిలాగే తెరుచుకుంటుంది, ఎందుకంటే వరుసలు ఎడమ నుంచి కుడికి సాగుతాయి. పాత చైనా పుస్తకాల్లో నిలువు వరుసలు కుడి నుంచి ఎడమకు వస్తాయి కాబట్టి అవి మనకు వెనకనుంచి తెరుచుకున్నట్టు అనిపిస్తాయి.

నాకు ప్రతిరోజూ ఉండే తగాదా పై పంక్తిలోని వత్తుకూ కింది పంక్తిలోని గుడికీ మధ్య. "రాష్ట్రం" కింద "కీర్తి" పడితే రెండూ కొట్టుకుంటాయి. వాళ్లకు ఇదే తగాదా పక్కలకు తిరిగి ఉంటుందనుకుంటాను. అందుకే అడుగుతున్నాను. ఇలా చదివేవాళ్ల కన్ను కిందికి ఎలా దిగుతుంది? పక్క వరుస అడ్డం రాదా? కళ్లు తొందరగా అలసిపోవా? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

#2 గోబీగాలి (విశాఖపట్నం)

అచ్చుపెట్టె గారూ, మంచి విషయం ఎత్తారు. నేను గని యంత్రాల పని మీద రెండేళ్లు మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఉన్నాను. అక్కడ సాయంత్రం తరగతిలో ఈ లిపి నేర్చుకున్నాను. దాన్ని మోంగోల్ బిచిగ్ అంటారు.

మీరు పళ్లు, పొట్ట, తోక అని మీ కంటికి తోచినట్టు రాశారు కానీ వాళ్ల మాటలూ అవే. పైన మొదలయ్యే చిన్న కొక్కేన్ని తితిమ్ అంటారు, కిరీటం అని అర్థం. పన్ను షుద్, పొట్ట గెదెస్, విల్లు నుమ్, తోక సూల్. నిలువు గీత నురూ, అంటే వెన్నెముక. బడిలో పిల్లలు అక్షరాలకన్నా ముందు ఈ శరీరాన్ని నేర్చుకుంటారు.

మా గురువుగారు కుంచెతో రాసి చూపేవారు. వెన్నెముక మీద కుంచె లేవకుండా దిగుతుంది, దారిలో ఎడమకు చిన్నగా మెలితిరిగి పన్ను వేసి మళ్లీ గీతలోకి వస్తుంది. చదవడానికి ఆమె చెప్పిన చిట్కా ఒకటి ఇప్పటికీ గుర్తుంది. తెల్ల కాగితం ముక్క తీసుకుని, చదువుతున్న వరుసకు కుడి పక్కన నిలువుగా పెట్టించేవారు. వరుస అయిపోగానే కాగితాన్ని కుడికి జరపాలి. మన ఒకటో తరగతిలో పంక్తి కింద స్కేలు పెట్టుకునేవాళ్లం చూడండి, అదే పని. మొదటి నెలంతా నా చూపు వరుసలోంచి తప్పిపోయి కుడి వరుస మధ్యలోకి పడిపోయేది. మూడో నెలకు కాగితం అవసరం తీరింది. అలసట మొదట్లో ఉండేది, తర్వాత పోయింది.

#3 పాతమాస్టారు (రాజమహేంద్రవరం)

చర్చ ఆసక్తిగా ఉంది. నాకు మాత్రం ఒక ఆక్షేపణ ఉంది. ప్రకృతి మనిషికి రెండు కళ్లను పక్కపక్కన పెట్టింది. మన చూపు పైకీ కిందికీ కన్నా పక్కలకు ఎక్కువ దూరం పోతుంది. పొలం గట్టు మీద నిలబడితే కనిపించేది అడ్డంగా పరుచుకున్న లోకమే. కాబట్టి అడ్డంగా రాయడమే కంటికి సహజమనీ, నిలువు రాత గుర్రం మీద కూర్చుని రాసుకునే సంచారుల అవసరం కోసం పుట్టిందనీ ఎక్కడో చదివాను. ఆ భారాన్ని కన్ను మోయవలసిందే కదా?

#4 మెదడుబాట (హైదరాబాద్)

మాస్టారికి నమస్కారం. చదివేటప్పుడు కళ్ల కదలికల మీదే నేను పరిశోధన చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు గుర్రం సంగతి తేల్చాలి. ఈ లిపికి మూలం ఉయ్‌ఘుర్ లిపి, దానికి మూలం మధ్య ఆసియాలోని పాత సోగ్దియన్ లిపి, ఇంకా వెనక్కి వెళితే పశ్చిమాసియాలోని అరమేయిక్ లిపి. 1204లో చెంగీజ్ ఖాన్ నైమన్ తెగను ఓడించినప్పుడు వాళ్ల కొలువులోని తాతాతుంగా అనే ఉయ్‌ఘుర్ లేఖకుడు పట్టుబడ్డాడనీ, అతని ద్వారా ఈ లిపి మంగోలులకు వచ్చిందనీ చరిత్ర చెబుతుంది. సోగ్దియన్ ఒకప్పుడు కుడి నుంచి ఎడమకు అడ్డంగా రాసేవారు. ఆ పేజీని గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు తిప్పండి. కుడి చివర పైకి వస్తుంది, రాత పైనుంచి కిందికి దిగుతుంది, మొదటి పంక్తి ఎడమ చివర నిలబడుతుంది. మంగోలియన్ పేజీ సరిగ్గా అదే. మంగోలుల చేతికి వచ్చేసరికే లిపి నిలువుగా ఉంది, గుర్రానికి ఇందులో పాత్ర లేదు.

ఇక కన్ను. మనం చదువుతున్నప్పుడు చూపు పంక్తి వెంట నీళ్లలా జారుతుందని అనుకుంటాం. నిజానికి గెంతుతుంది. ఒక చోట వాలి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు ఆగుతుంది, మళ్లీ గెంతుతుంది. ఈ సంగతిని 1879 ప్రాంతంలోనే పారిస్‌లో కంటివైద్యుడు లూయీ ఎమిల్ జవాల్ బృందం గుర్తించింది. గెంతే సమయంలో మనకు కొత్తగా ఏమీ అందదు. చదువంతా ఆ ఆగుళ్లలోనే జరుగుతుంది.

ఒక ఆగుడులో ఎంత మేర నుంచి సమాచారం తీసుకుంటాం? 1975లో అమెరికాలో జార్జ్ మెక్‌కాంకీ, కీత్ రేనర్ ఒక తెలివైన ప్రయోగం చేశారు. చూపు ఎక్కడుందో యంత్రం కనిపెడుతుంది. ఆ చోటు చుట్టూ కొన్ని అక్షరాలను మాత్రమే సరిగా చూపి మిగతావాటిని చెరిపేస్తుంది. చూపు కదిలితే కిటికీ కూడా కదులుతుంది. కిటికీ ఎంత చిన్నదైతే చదువు దెబ్బతింటుందో కొలుస్తారు. ఇంగ్లీషు చదివేవాళ్లకు చూపు వాలిన చోటు నుంచి ఎడమకు మూడు నాలుగు అక్షరాలు, కుడికి పద్నాలుగు పదిహేను అక్షరాల దాకా అవసరమని తేలింది. కుడివైపు ఎందుకంత ఎక్కువ? రాబోయే మాట అటే ఉంది కాబట్టి. 1981లో హీబ్రూ, ఇంగ్లీషు రెండూ వచ్చిన ఇజ్రాయెలీలను పరీక్షిస్తే హీబ్రూ చదివేటప్పుడు ఎడమవైపు ఎక్కువ, వాళ్లే ఇంగ్లీషు చదివేటప్పుడు కుడివైపు ఎక్కువ. కన్ను అదే, మనిషీ అదే. ముందుకు సాగేది మనసులోని ధ్యాస.

ఇక అచ్చుపెట్టె గారు అడిగిన చోటుకు వస్తాను. 2020లో చైనా, బ్రిటన్ పరిశోధకులు కలిసి మంగోలియన్ చదివేవాళ్ల మీద ఇదే కిటికీ ప్రయోగం చేశారు. నిలువుగా చదివేటప్పుడు కిటికీ కిందికి సాగింది, పైకి తక్కువ. అదే లిపిని అడ్డంగా చూపితే సాగుడు రాత నడిచే వైపుకు మళ్లింది. జపనీస్, చైనీస్‌లతో ఈ పరీక్ష చేయడానికి ఒక చిక్కు ఉంది. వాటిలో అక్షరం నిటారుగానే ఉండి వరుస మాత్రమే మారుతుంది. మంగోలియన్‌లో మాట మొత్తం వెన్నెముకతో సహా తిరుగుతుంది కాబట్టి దిశ ఒక్కటే మార్చి చూడడానికి వీలైంది. అందుకే మాకు ఈ లిపి అంత విలువైనది.

మాస్టారూ, పొలం గట్టు మీది చూపు వేరు, చదివే చూపు వేరు. చదవడానికి వాడేది చూపంతటిలో చిన్న మధ్యభాగం మాత్రమే.

#5 చూపుపరీక్ష (కరీంనగర్)

మెదడుబాట గారు చెప్పిన ఆ చిన్న మధ్యభాగం గురించి నేను రాస్తాను, కంటి పరీక్షలు చేయడం నా వృత్తి.

చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలు నిలబెట్టండి. దాని వెడల్పు దాదాపు రెండు డిగ్రీలు. సన్నని అక్షరాలు స్పష్టంగా కనిపించే ప్రదేశం అంతే ఉంటుంది. రెటీనాలో ఫోవియా అనే గుంట చేసే పని అది. దాని నుంచి దూరం పోయేకొద్దీ స్పష్టత తగ్గుతుంది. మాస్టారి మాటలో కొంత నిజం ఇక్కడ ఉంది. అంతే దూరంలో పక్కలకు కనిపించినంత బాగా పైకీ కిందికీ కనిపించదు. అయితే పైదానికన్నా కిందిది మెరుగ్గా కనిపిస్తుంది. మంగోలియన్‌లో రాబోయే మాట ఎప్పుడూ కిందే ఉంటుందని గమనించండి.

రెండో విషయం, ఇరుకు. చూపు వాలిన చోటికి దూరంగా ఉన్న అక్షరాన్ని దాని పొరుగు అక్షరాలు నలిపేస్తాయి. అక్షరం పెద్దదే అయినా గుంపులో గుర్తుపట్టలేం. ఈ నలుపుడు చూపు కేంద్రం నుంచి బయటికి పోయే గీత వెంట ఎక్కువ, దానికి అడ్డంగా తక్కువ. కాబట్టి నిలువు వరుసలో కింద ఉన్న మాటను నలిపేది దాని పైమాట, కిందిమాట. కుడి పక్క వరుస నలిపేది అంతకన్నా తక్కువ. అచ్చుపెట్టె గారూ, పక్క వరుస అడ్డం రాదా అన్నారు, వరుసల మధ్య మర్యాదగా ఖాళీ ఉంటే పెద్దగా రాదు.

ఇక కండరాలు. కన్ను పక్కకు తిరగడానికి ఒక జత కండరాలు, పైకీ కిందికీ తిరగడానికి మిగతావి కలిసి పనిచేస్తాయి. వాటికి ఆజ్ఞలిచ్చే చోట్లు కూడా మెదడు కాండంలో వేరువేరు. చదివేటప్పుడు గెంతు మహా అయితే రెండు మూడు డిగ్రీలు. దానికి ఏ కండరమూ అలసిపోదు. గోబీగాలి గారికి మొదటి నెల అలసట వచ్చింది కండరం వల్ల కాదనే నా అభిప్రాయం, తెలియని అక్షరాలను కూడబలుక్కోవడం వల్ల. వరుస చివర నుంచి పక్క వరుస మొదటికి వెళ్లే పెద్ద గెంతు మాత్రం నిజమైన పనే. మనకు అది ఎడమకు, కాస్త కిందికి. వాళ్లకు పైకి, కాస్త కుడికి.

#6 పాతమాస్టారు

మెదడుబాట గారూ, చూపుపరీక్ష గారూ, గుర్రం మాట వెనక్కి తీసుకుంటున్నాను. సోగ్దియన్ పేజీని తిప్పి చూపించిన తీరు బాగుంది, నేను నా డైరీని తిప్పి మరీ సరిచూసుకున్నాను.

మన దగ్గర కూడా చూపు పంక్తి దాటి నడిచిన సందర్భం ఒకటుంది. చిత్రకవిత్వంలో బంధాలు. నాగబంధంలో పద్యం పాము మెలికల వెంట పోతుంది, చక్రబంధంలో ఆకుల వెంట, చుట్టు వెంట పోతుంది. మెలికలు కలిసే చోట ఒకే అక్షరం రెండుసార్లు చదవాలి. నా అనుభవంలో ఒక్క విద్యార్థి కూడా బంధాన్ని చూసి ధారగా చదవలేదు. పద్యం ముందే నోటికి వస్తే వేలితో మెలికలు చూపిస్తూ చెబుతాడు. అంటే మీరన్న ధ్యాస ముందుకు సాగడానికి దారి ఎటు పోతుందో ముందే తెలియాలి. మంగోలియన్ పిల్లవాడికి ఆ దారి ఎప్పుడూ కిందికే అని తెలుసు. నాగబంధం చదివేవాడికి ప్రతి మెలిక దగ్గరా వెతుకులాటే. తేడా దిశలో లేదనీ, స్థిరత్వంలో ఉందనీ నాకు అర్థమైంది. సరేనా?

#7 మెదడుబాట

సరిగ్గా పట్టుకున్నారు మాస్టారూ. నాగబంధాన్ని యంత్రం మీద పెట్టి చూడాలని ఇప్పుడే అనిపిస్తోంది.

ఒక్క జోడింపు. దిశ స్థిరంగా ఉన్నా అలవాటు లేకపోతే వేగం పడిపోతుంది. 2010లో గోర్డన్ లెగ్ తదితరులు ఇంగ్లీషును మూడు రకాలుగా చూపి వేగం కొలిచారు. మామూలు అడ్డం రాత అన్నిటికన్నా వేగం. పంక్తిని మొత్తంగా పావు చుట్టు తిప్పితే వేగం బాగా తగ్గింది. అక్షరాలను నిటారుగా ఒకదాని కింద ఒకటి పేర్చినప్పుడు ఇంకా తగ్గింది. ఒక ఆగుడులో గుర్తుపట్టగల అక్షరాల సంఖ్యే తగ్గిందని వాళ్లు చూపించారు. దుకాణాల నిలువు బోర్డులు మనకు ఇబ్బంది పెట్టేది అందుకే.

#8 అచ్చుపెట్టె

నిన్న రాత్రి ఇంట్లో ప్రయోగం చేశాను. రెండు పోస్టుకార్డులు తీసుకుని వాటిలో కిటికీలు కోశాను. ఒకదానిలో మూడు అక్షరాలు పట్టేంత, రెండోదానిలో పది అక్షరాలు పట్టేంత. దినపత్రిక మీద పెట్టి మా ఆవిడ కార్డు జరుపుతుంటే నేను చదివాను.

మూడు అక్షరాల కిటికీతో "వ్యవసాయదారులకు" అన్న ఒక్క మాటకే ఆగిపోయాను. "వ్యవసా" దాకా వచ్చాక ముందేముందో తెలియక ఊపిరి బిగపట్టినట్టు అయింది. పది అక్షరాల కిటికీతో కొద్ది నిమిషాల్లో మామూలుగా చదివేశాను. తర్వాత పత్రికను పావు చుట్టు తిప్పి పంక్తులు పైనుంచి కిందికి దిగేటట్టు పెట్టి అదే పది అక్షరాల కిటికీ వాడాను. మళ్లీ మొదటికి వచ్చింది, మాట మాటకూ ఆగాను. కిటికీలో పది అక్షరాలు కనిపిస్తున్నా నాకు అందింది నాలుగే అనిపించింది.

ఒక మాట గమనించాను. తిప్పినప్పుడు నన్ను బాగా తికమక పెట్టినవి వత్తులు. "స్త్రీ"లో కింద ఉండవలసిన తకార, రకారాల వత్తులు ఎడమ పక్కకు వచ్చాయి, పైనుండే గుడిదీర్ఘం కుడికి పోయింది. మన అక్షరం పొట్టలోనే ఒక నిలువు రాత ఉందన్నమాట.

#9 మెదడుబాట

అచ్చుపెట్టె గారూ, ప్రయోగం చాలా బాగుంది. ఒక్క హెచ్చరిక చేస్తాను. మీ కార్డు చేతి వేగంతో జరుగుతుంది, మా యంత్రంలో కిటికీ చూపుతో పాటే గెంతుతుంది. మీ చేతిలో కిటికీ ఆలస్యమైతే కన్ను దాని అంచు దగ్గర నిలబడి ఎదురుచూస్తుంది. కాబట్టి మీకు అనిపించిన ఇబ్బందిలో కొంత భాగం కార్డుదే. తిప్పినప్పుడు అందింది నాలుగే అన్న మాట మాత్రం లెగ్ బృందం చెప్పినదానితో సరిపోతోంది.

#10 పొరుగుభాష (టోక్యో)

నేను పదకొండేళ్లుగా జపాన్‌లో ఉంటున్నాను. ఇక్కడ నవలలు, దినపత్రికలు ఇప్పటికీ నిలువుగానే, కుడి నుంచి ఎడమకు. ఆఫీసు కాగితాలు, పాఠ్యపుస్తకాలు చాలావరకు అడ్డంగా. ఒకే మనిషి పొద్దున పత్రిక నిలువుగా, మధ్యాహ్నం నివేదిక అడ్డంగా చదువుతాడు. నేనూ అలాగే చదువుతున్నాను.

కానీ ఇది మంగోలియన్‌తో పోల్చదగ్గది కాదు. జపనీస్ అక్షరం చదరపు పెట్టెలో కూర్చుంటుంది. పెట్టెలను ఎటు పేర్చినా పెట్టె లోపలి బొమ్మ మారదు. చైనాలో పీపుల్స్ డైలీ పత్రిక 1956 జనవరి 1 నుంచి నిలువు మానేసి అడ్డానికి మారింది, అక్షరం ఒక్కటి కూడా మార్చనవసరం లేకపోయింది. మంగోలియన్‌లో మాటంతా ఒక తాడు. తాడును ముక్కలు కోసి పక్కపక్కన పెట్టలేరు. ఒకసారి హోహోత్ మీదుగా ప్రయాణిస్తున్నప్పుడు దుకాణాల బోర్డులు చూశాను. బోర్డు అడ్డంగా పొడుగ్గా ఉంటే ఒక్కో మాటను నిలువుగానే ఉంచి మాటలను పక్కపక్కన నిలబెట్టారు. ఒక్కో వరుసకు ఒక్క మాటే. అక్కడ కన్ను మాట లోపల కిందికి, మాట నుంచి మాటకు కుడికి వెళ్లాలి.

#11 గోబీగాలి

పొరుగుభాష గారు తాడు అన్న మాట సరైనది. ఇప్పుడు ఆ తాడులో కన్ను ఎక్కడ చిక్కుకుంటుందో రాస్తాను. నేర్చుకునేటప్పుడు నాకు దిశ కన్నా ఇదే ఎక్కువ కష్టమైంది.

ఈ లిపిలో చాలా ధ్వనులకు ఒకే ఆకారం. త, ద లకు ఒకటే. ఒ, ఉ లకు ఒకటే. నకారానికి అచ్చు ముందు ఎడమ పక్కన చుక్క పెడతారు, హల్లు ముందు చుక్క ఉండదు, అప్పుడది ఉత్త పన్నే. మాట మొదట్లో "అ" అంటే కిరీటం, దాని కింద పన్ను. "ఎ" అంటే కిరీటం ఒక్కటే. ఇప్పుడు చూడండి. "అద" అని రాయాలంటే కిరీటం, పన్ను, తర్వాత ద, చివర తోక. "ఎన్‌దె" అని రాయాలంటే కిరీటం, నకారం కోసం పన్ను, తర్వాత ద, చివర తోక. రెండూ అచ్చంగా ఒకటే. "అద" అంటే దయ్యం. "ఎన్‌దె" అంటే ఇక్కడ. అలాగే "ఒర్దు" రాజు విడిది, "ఉర్తు" పొడుగు, ఈ రెండూ ఒకే ఆకారం. వాక్యాన్ని బట్టే తేల్చుకోవాలి. నా చూపు ఇలాంటి మాట మీద ఆగి, కిందిమాట చూసి, మళ్లీ పైకి ఎక్కేది. మా గురువుగారి చూపు ఎప్పుడూ అలా వెనక్కి వెళ్లినట్టు కనిపించలేదు, ఆమె వాక్యం ఊపులో ముందే తేల్చుకునేవారు.

రెండోది, రాసేది ఒకటి, పలికేది ఒకటి. రాతలో "బగతుర్", నోట "బాతర్". రాతలో "అగుల", నోట "ఊల్", అంటే కొండ. వందల ఏళ్ల కిందటి పలుకుబడి రాతలో అలాగే నిలిచిపోయింది. కన్ను నాలుగైదు మెలికలు దిగుతుంది, నోరు ఒక్క దీర్ఘం పలుకుతుంది.

ఒక సౌకర్యం కూడా ఉంది. మన విభక్తులు మాటకు అంటుకుపోతాయి, "ఇంటిలోనుంచి" అని ఒకే ముద్ద. వాళ్లు చాలా విభక్తి ప్రత్యయాలను సన్నని ఖాళీ వదిలి విడిగా రాస్తారు. అసలు మాట ఎక్కడ ముగిసిందో కంటికి దూరం నుంచే తెలుస్తుంది.

#12 మెదడుబాట

గోబీగాలి గారి చివరి మాట నాకు చాలా ముఖ్యం. 2014లో ఉయ్‌ఘుర్ భాష మీద వచ్చిన పరిశోధన ఒకటుంది. నేటి ఉయ్‌ఘుర్‌ను అరబిక్ లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు, ప్రత్యయాలు మాటకు అంటుకునే ఉంటాయి. ఒకే పొడవున్న రెండు మాటల్లో ప్రత్యయాలు ఎక్కువ ఉన్నదాని మీద చూపు మాట మొదటికి దగ్గరగా వాలింది. అంటే కన్ను అక్కడికి చేరకముందే, అంచు చూపుతోనే, ఆ మాట కట్టుబడి కొంత పసిగట్టింది. తెలుగూ ఇలా ప్రత్యయాలు పేర్చుకునే భాషే. మన "వ్యవసాయదారులకు" మీద కన్ను ఎక్కడ వాలుతుందన్నది నా తర్వాతి పని.

#13 తెరవెనుక (బెంగళూరు)

నేను వెబ్ పేజీలు తయారు చేస్తాను. కంప్యూటర్ ఈ కళ్లను ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్పాలి.

కంప్యూటర్లో ప్రతి లిపి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. మంగోలియన్ 1999లో దాని మూడో వెర్షన్‌లో చేరింది. ఒక్కో అక్షరానికి మాట మొదట, మధ్య, చివర వేరువేరు రూపాలు. వాటిలో ఏది రావాలో ఫాంటు తేల్చాలి. తేలని చోట కంటికి కనిపించని ఎంపిక గుర్తులు టైపు చేయాలి. మన దగ్గర పొల్లు తర్వాత కనిపించని గుర్తు పెట్టి వత్తు రాకుండా ఆపుతాం కదా, ఆ బాపతే. ఒక ఫాంటులో సరిగా కనిపించిన మాట ఇంకో ఫాంటులో వేరే ఆకారంతో వస్తుంటే చదివే కన్ను ప్రతిసారీ తడబడుతుంది.

నిలువు రాత చూపించడం రాని ప్రోగ్రాముల్లో ఈ లిపిని ఎడమ నుంచి కుడికి పడుకోబెడతారు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. సోగ్దియన్ కుడి నుంచి ఎడమకు నడిచేది. దాన్ని పావు చుట్టు తిప్పితే మంగోలియన్ అయింది. కంప్యూటర్ దాన్ని అదే వైపుకు మరో పావు చుట్టు తిప్పింది. అంటే తెర మీద పడుకున్న మంగోలియన్ తన పూర్వీకుడికి పూర్తిగా తలకిందులు.

బ్రౌజర్లకు నిలువు వరుసలు, ఎడమ నుంచి కుడికి అని చెప్పే ఏర్పాటు ఇప్పుడు ఉంది. పేజీ అప్పుడు కిందికి కాకుండా కుడికి పెరుగుతుంది. అయినా మౌసు చక్రం, ఫోను మీద బొటనవేలు పైకీ కిందికీ అలవాటు పడి ఉన్నాయి. వరుస ఎత్తు తెర కన్నా ఎక్కువైతే ఇక చదవడం అసాధ్యం, ప్రతి వరుసకూ కిందికి లాగి మళ్లీ పైకి లాగాలి. ఇలాంటి పేజీ తయారుచేసేవాళ్లు వరుస ఎత్తును తెర ఎత్తుకు లోపలే కట్టడి చేయాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

#14 చూపుపరీక్ష

వృత్తిలో చూసేవి రెండు సంగతులు రాస్తాను, ఈ చర్చకు బాగా సంబంధం ఉంది.

పక్షవాతం వచ్చాక కొందరికి రెండు కళ్లలోనూ కుడి సగం చూపు పోతుంది. కన్ను బాగానే ఉంటుంది, మెదడులో దెబ్బ. వాళ్లు తెలుగు చదవడానికి చాలా బాధపడతారు, ఎందుకంటే రాబోయే అక్షరాలు ఉండేది సరిగ్గా ఆ పోయిన సగంలోనే. అలాంటివాళ్లలో కొందరికి పుస్తకాన్ని పావు చుట్టు తిప్పి నిలువుగా చదవడం నేర్పుతారు. అప్పుడు పంక్తి మొత్తం బాగున్న సగంలో పడేటట్టు చూపు నిలుపుకోవచ్చు. ఓపిక కావాలి, సాధనతో కొందరికి ఉపయోగపడుతుంది. నిలువు లిపి చదివేవాళ్లకు ఇదే జబ్బు వస్తే ముందున్న మాట పూర్తిగా చీకట్లో పడదు.

రెండోది దీనికి ఎదురు. ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అనే అరుదైన జబ్బులో చూపును పైకీ కిందికీ గెంతించే శక్తి మొదట దెబ్బతింటుంది. మెట్లు దిగలేరు, కంచంలో అన్నం సరిగా చూసుకోలేరు. అడ్డం రాతలో ఒక పంక్తి వెంట కొంతకాలం పోగలుగుతారు, కింది పంక్తికి దిగడం కష్టం. నిలువు రాతలో ప్రతి గెంతూ కష్టమే.

#15 పాతమాస్టారు

గోబీగాలి గారూ, ఇంకొక్క సంగతి చెప్పండి. మంగోలియాలో ఇప్పుడు రష్యన్ అక్షరాలే వాడుక అంటారు. అక్కడి పిల్లలు రెండు దిశలూ నేర్చుకుంటున్నారా?

#16 గోబీగాలి

మాస్టారూ, 1940లలో మంగోలియా సిరిలిక్‌కు మారింది. సరిహద్దుకు ఇవతల, చైనాలోని ఇన్నర్ మంగోలియాలో నిలువు లిపి నిలిచింది. మంగోలియాలో 1990ల మొదట్లో పాత లిపిని తిరిగి ప్రభుత్వ వాడుకలోకి తేవాలనుకున్నారు, అప్పుడు సాగలేదు. తర్వాత చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాలు రెండు లిపుల్లోనూ ఉండాలన్నారు. బడిలో పిల్లలకు రెండూ నేర్పుతారు. 2013లో మంగోలియన్ కాలిగ్రఫీని యునెస్కో తక్షణం కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది.

నేను చూసిన ఒక దృశ్యం చెబుతాను. నాతో పనిచేసే ఒకాయన కూతురికి తొమ్మిదేళ్లు. సిరిలిక్ కథ చదువుతూ ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని గడగడా పోయేది. నిలువు లిపి పాఠం తీయగానే కూర్చునే తీరే మారిపోయేది. పుస్తకం బల్ల మీద నిటారుగా నిలబెట్టి, చూపుడు వేలిని వెన్నెముక కుడి పక్కన పెట్టి దింపేది. పళ్లు ఎడమ పక్కన ఉంటాయి కాబట్టి వేలు కుడి పక్కన ఉంటేనే అక్షరం కనిపిస్తుంది. ఎవరూ చెప్పలేదట, తానే కనిపెట్టింది.

వాళ్లలో ఒక మాట ఉంది. అడ్డం రాత చదివేవాడు కాదు కాదు అని తల ఊపుతాడు, నిలువు రాత చదివేవాడు అవును అవును అని తల ఊపుతాడు అని. తల ఊగడం నేను చూడలేదు, గెంతేది కన్ను ఒక్కటే. కానీ ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల ముఖంలో కనిపించే ఇష్టం నిజం.

#17 అచ్చుపెట్టె

అందరికీ ధన్యవాదాలు. గోబీగాలి గారు రాసిన వేలి సంగతి చదివి పుస్తకం మళ్లీ తీశాను. గుర్తుపట్టవలసిన దానిలో ఎక్కువ భాగం వెన్నెముక ఎడమ అంచునే ఉంది. మన అక్షరానికి పైన తలకట్టూ గుడీ, కింద వత్తూ, రెండు అంచులూ కావాలి.

నాకు వెంటనే పనికొచ్చిన విషయం ఒకటుంది. ఒక బట్టల దుకాణంవాళ్లు స్తంభం మీద నిలువు బోర్డు అడిగారు. "వస్త్రాలయం" అని. వ, స్త్రా, ల, యం అని నాలుగు మెట్లుగా పేర్చి మధ్యలో సమానంగా ఖాళీ ఇచ్చాను. "స్త్రా" వత్తులు కింది "ల"ను నలిపేస్తున్నాయని ఇరుకు గురించి చదివాకే అర్థమైంది. ఆ ఒక్క చోట ఖాళీ పెంచి, మిగతా రెండు చోట్లా తగ్గించాను. రోడ్డుకు అవతల నిలబడి చూశాను. ముందు రెండుసార్లు చూడవలసి వచ్చేది, ఇప్పుడు ఒక్క చూపుకే అందుతోంది.

ఇంకొకటి. పుస్తకంలో ఏడో పేజీ, నాలుగో వరుసలో కిరీటం, పన్ను, ద, తోక ఉన్న మాట దొరికింది. పక్కన గొర్రెపిల్ల బొమ్మ. ఫొటో పెడుతున్నాను. ఇది దయ్యమా, ఇక్కడా?

#18 గోబీగాలి

ఒక్క మాట కిందికి దిగండి. కింద ఉన్నది "ఇరె", రా అని అర్థం. కాబట్టి పైది "ఎన్‌దె". ఇక్కడికి రా. గొర్రెపిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది కదా, దాన్నే పిలుస్తున్నారు.